సరుకు బేరమా, మనుషుల బేరమా?

ఆ మధ్య ఒక నికాహ్ నిమిత్తం మేము డొంకరాయి వెళ్ళాము. సీలేరు నదిపై ఆనకట్ట, జలవిద్యుత్ కేంద్రం ఉన్న ఏజెన్సీ గ్రామమది. మగ్రిబ్ నమాజు ముగిశాక ఇంటివారి అబ్బాయి ఒక పొడి డబ్బా తెచ్చి మా ముందుంచాడు. "చాచా, ఇది నెట్‌వర్క్ మార్కెటింగేనట, పిరమిడ్ స్కీము కాదట. సరుకు ఉంది కనుక హలాలేనంటున్నారు. నిజమేనా?" అని అడిగాడు.

డబ్బా ధర 7,500 రూపాయలు. దాదాపు అలాంటిదే మందుల షాపులో ఎనిమిది వందలకు దొరుకుతుంది. తల్లి చెవికమ్మలు కుదువపెట్టి అతను చేరాడు. ఆ తర్వాత ఐదుగురిని చేర్పించాడు. తలకు వెయ్యి చొప్పున ముట్టింది. ఆ ఐదుగురిలో ఇద్దరు కొండరెడ్లు, సంతలో చింతపండు అమ్ముకునేవారు.

మేము ఒక్కటే అడిగాము. "బాబూ, ఇంకొకరిని చేర్పిస్తే డబ్బు వస్తుందన్న ఆశ లేకపోతే ఈ డబ్బాను 7,500కు ఎవరైనా కొంటారా?" అతను తల దించుకున్నాడు.

తేడా అంతా ఇక్కడే ఉంది. వస్తువును వాడుకునేవాడు కొన్నప్పుడు అమ్మినవాడికి దక్కే కమీషను దలాలీ వంటిది. శ్రమ ఉంది, సరుకు ఉంది, ధర తెలుసు. షరీఅత్ దానిని కాదనదు. పిరమిడ్‌లో మాత్రం ఆదాయం వచ్చేది కొత్తగా చేరేవాడి జేబులోంచే. డబ్బా కేవలం ముసుగు. సరుకు ఉన్నంత మాత్రాన జూదం వ్యాపారమైపోదు.

లెక్క కూడా చూడండి. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చాలంటే 5, 25, 125, 625 అవుతూ ఆరో మెట్టుకు 15,625 మంది కావాలి. పదమూడో మెట్టులో 122 కోట్లు దాటుతుంది. ఆ కొండల్లో ఆరో మెట్టుకే మనుషులు దొరకరు. ఎప్పుడు ఆగినా చివరి మెట్టులోనివారే అందరికంటే ఎక్కువమంది, నష్టపోయేదీ వారే. పైవాడి లాభం కిందివాడి నష్టం మీదే నిలబడితే అది మైసిర్ గాక మరేమిటి? దివ్యఖుర్ఆన్ మాయిదా సూరాలో జూదాన్ని సారాయితో కలిపి నిషేధించింది. నిసా సూరాలో పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్ని అనుమతిస్తూ, ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినరాదని ఆదేశించింది. "వాళ్ళూ ఒప్పుకునే చేరారు కదా" అంటారు కొందరు. లెక్క దాచిపెట్టి పొందిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని చూసి, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించిన సంగతి మనకు తెలిసిందే.

సౌదీ ఫత్వా స్థాయీసంఘం 2004లో ఇలాంటి పథకాలను హరామ్‌గా తేల్చింది. వీటిలో కోరుకునేది కమీషనే గాని వస్తువు కాదన్నది దాని ముఖ్య వాదన. ఇండోనేషియా ఉలమా మండలి 2009లో అంచెల అమ్మకాలకు పన్నెండు షరతులు పెట్టింది. కమీషను నిజమైన అమ్మకాలను బట్టే ఉండాలి, ధర అతిగా పెంచరాదు, కదలకుండా కూర్చున్నవాడికి ఆదాయం రాకూడదు అన్నవి వాటిలో కొన్ని. ఆ షరతులకు నిలిచే కంపెనీ ఏదైనా ఉంటే మాకు అభ్యంతరం లేదు. మా అనుభవంలో మాత్రం సమావేశాల్లో సరుకు ఊసు తక్కువ, కారు ఊసు ఎక్కువ!

మన చట్టమూ ఈ దారిలోనే ఉంది. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం పరిధిలోకి ఆమ్వే పథకం వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభిప్రాయపడింది. 2021 డిసెంబరులో వెలువడిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు పిరమిడ్ స్కీములను నిషేధించాయి. ఇక హలాల్ అన్న మాట వినగానే నమ్మేవారికి ఒక్క గుర్తు చాలు. హలాల్ పేరిట డిపాజిట్లు సేకరించిన హీరా గోల్డ్ వ్యవహారంలో 2018లో అరెస్టులు జరిగాయి. అది గొలుసుకట్టు పథకం కాదు గాని, అందులో చిక్కుకున్నవారిలో మన ఇళ్ళవారే ఎక్కువ.

"మరి నేనిప్పుడేం చేయాలి?" అన్నాడు అబ్బాయి. తౌబా చేయడమంటే మానేయడం ఒక్కటే కాదు, ఇతరుల హక్కు వారికి చేర్చాలి. తీసుకున్న వేయి వేయి ఎవరిది వారికి తిరిగి ఇవ్వమన్నాము. ఇకపై ఎవరినీ చేర్చవద్దని ఆ ఐదుగురికీ తానే స్వయంగా వెళ్ళి చెప్పాలన్నాము. ఎంత వెదికినా ఆచూకీ దొరకనివారి పేర దానం చేయాలి. తన 7,500 పోయినట్టే. దాన్ని రాబట్టుకోవడానికి ఆరోవాడిని చేర్చే హక్కు అతనికి లేదు.

తల్లి లోపలినుంచి వింటూనే ఉంది. "కమ్మల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ చింతపండు వాళ్ళది ఇచ్చెయ్‌రా" అంది. మరుసటి సంత రోజున ఇద్దరికీ ఇచ్చేశానని అబ్బాయి ఫోను చేశాడు. మిగతా ముగ్గురిలో ఒకరు మాత్రం డబ్బు తీసుకోలేదట. తాను అప్పటికే మరో నలుగురిని చేర్చానని, ఇప్పుడు ఆపితే వాళ్ళకేం చెప్పాలని అడిగాడట. అతన్ని కలవడానికి వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాము.