సన్నని పడవయు, సాధకుని అధికారమును

ఆస్ట్రేలియాలోని పోర్ట్ మెక్వారీ చెంత 1912లో మెక్‌లారెన్ సోదరులు తమ ఆల్చిప్పల సాగును చూచుకొనుటకై కల్పించుకొన్నారని చెప్పబడు సర్ఫ్‌స్కీ, నేడు ఆరు మీటర్లకు పైబడిన పొడవును మూరెడు వెడల్పును గల పందెపు పడవగా మారినది. పైకప్పు లేని గుంటలో కూర్చుండి, పాదములతో చుక్కానిని త్రిప్పుచు, చేతులతో తెడ్డు వేయుచు, వెనుకనుండి తరుముకొనివచ్చు కెరటము మీద జారిపోవుటయే ఇందలి పరమానందము. దక్షిణాఫ్రికాలోని ఫిష్ హూక్ తీరమున ఆగ్నేయపు గాలి వీచు దినమున ఈ పడవలను చూచిన క్రొత్తవాని మనస్సు సహజముగా అన్నిటికంటె సన్ననిదానిమీదికే పోవును. అనుభవజ్ఞులు మాత్రము వెడల్పైనదానిని చూపుదురు.

పడవల బేరముగా కనబడు నీ సందేహమునందు, మన వేదాంతులు అధికారవిచారమను పేర శతాబ్దములుగా చర్చించిన ప్రశ్నయే యిమిడియున్నదని నాకు తోచును. జ్ఞానమొక్కటియే మోక్షసాధనమైనచో నడుమ కర్మానుష్ఠాన మెందులకని పూర్వపక్షి యడుగగా, కర్మము సాక్షాత్తుగా మోక్షము నీయదనియు, చిత్తమును శుద్ధిపరచి జ్ఞానమునకు పాత్రముగా చేయుననియు శంకరులు సమాధానము చెప్పిరి. వేగము కోరువానికి వెడల్పుపడవ యేలయనువానికిని ఈ తీరుననే బదులు చెప్పవలసియున్నది: ఆ పడవ వేగము నీయదు, వేగమును పుట్టింపగల దేహమును సిద్ధపరచును.

పడవ ప్రక్క కొరగక నిలుచు శక్తి, నీటిమట్టమున దానికి గల వెడల్పుయొక్క ఘనము ననుసరించి మారును. తక్కిన కొలతలు సమానమైనచో, వెడల్పులో ఐదవవంతు తగ్గించినంతనే ఆ శక్తి ఇంచుమించు సగమునకు దిగిపోవును. క్రొత్తవారి పడవ 55 సెంటీమీటర్ల చేరువను, పందెపు పడవ 43 చేరువను ఉండుట చూచి, ఈ కొద్దిపాటి భేదమేనా యని నవ్వువాడు, మొదటి అడ్డకెరటముతోడనే ఆ గణితమును ఒడలితో నేర్చుకొనును. అట్టివానిని దగ్గరనుండి చూడుడు. నడుము బిగిసిపోవును, మోకాళ్లు పడవ అంచులను నొక్కుకొనును, చూపు రాబోవు కెరటమును విడిచి పడవ మొన నంటుకొనును, పాదములచెంత నిలువుగా దిగి నీటిని పట్టవలసిన తెడ్డు, పడిపోవుదునను భయమున బల్లపరుపుగా నీటిని చరచుచుండును. వేగమునకై కొన్న పడవయే వానిని మందగమనుని చేయగా, ప్రక్కన వెడల్పుపడవలోని సామాన్యుడు మొండెమును త్రిప్పి, మడమలతో నొత్తి, తెడ్డును నిండ ముంచి, వానిని దాటిపోవును. ఆసనమునకు స్థైర్యమెంతయో సౌఖ్యమంతయు కావలెననియు, ప్రయత్నము సడలినప్పుడే అది కుదురుననియు పతంజలి యోగసూత్రములయందు గ్రథించిన విషయము ధ్యానమున కూర్చుండువారికై చెప్పబడినదైనను, నీటిమీద దాని సత్యము మరింత నిర్దాక్షిణ్యముగా బయలుపడును. ఏలయన, బిగుసుకొన్నవానిని సముద్రము క్షణమైనను మన్నింపదు.

దీనికొక ఆక్షేపణ కలదు, అది తేలికగా త్రోసివేయదగినదియు కాదు. వెడల్పుపడవయే చిరకాలము మోసినవాని నడుము తనంతట తాను నిలువ నేర్వదు, ఆధారమే బంధమగును. కర్మమునందే కాలము పుచ్చి జ్ఞానమువంక చూడనివానిని గూర్చి వేదాంతులు పడిన చింతయు నిదియే. కావున అలలేని చెరువున అప్పుడప్పుడు సన్నని పడవ నెక్కి పడుట మంచిదే. నేలనుండి సముద్రము వంకకు వీచు గాలిలో ఆ ప్రయోగము చేయుట మాత్రము ప్రాణములతో చెలగాటము. హవాయిలో మొలొకాయి నుండి ఓవాహూకు, 50 కిలోమీటర్లకు పైబడిన జలసంధి దాటు పందెమున 12 మారులు గెలిచిన దక్షిణాఫ్రికావాసి ఆస్కర్ చలుప్‌స్కీ, క్రొత్తవారికి స్థైర్యమే ముందని బోధించుట నాకు ప్రత్యేకముగా రుచించును. వేగము చేతగానివాడు చెప్పినచో అది సాకుగా తోచియుండెడిది!

జీవితాంతము వెడల్పుపడవలోనే యుండిపోవువాని నధముడని నేననజాలను. పందెము కోరనివానికి పందెపు పడవ పరధర్మము. కోరువాడు మారవలసిన వేళను ఏ పంచాంగమును చెప్పదు. నడిసంద్రమున బోల్తాపడి, చుట్టును కెరటములు విరుగుచుండగనే మరల ఎక్కి కూర్చుండగలుగుట మొదటి గురుతు. అడ్డకెరటముల నడుమ తెడ్డును ఒడిలో పెట్టుకొని, నీళ్లసీసా మూత విప్పి, తొందరలేక త్రాగి, మూత బిగింపగలిగినచో, అటుపై వాడు సన్నని పడవను అడుగవచ్చును.