కొండకును దాసోహము వర్తించునా?

కాయకముచే ఆర్జించినదానిలో తనకు వలసినంత మాత్రము గ్రహించి, తక్కినది దాసోహముగా సమర్పించుట శరణుల మార్గము. దీనిని మనము ధాన్యమునకును ధనమునకును మాత్రమే అన్వయించుకొనుచున్నాము. కొండకు, అడవికి, చెరువునకు ఇది వర్తింపదా?

కర్ణాటకమున గదగ జిల్లాలో కప్పతగుడ్డ యను కొండల వరుస కలదు. ఓషధులకు పేరుపొందిన ఆ కొండల గర్భమున బంగారమును కలదు. 2015లో ఆ అడవిని సంరక్షిత ప్రాంతముగా ప్రకటించిన ప్రభుత్వమే 2016లో ఆ ఉత్తరువును ఉపసంహరించుకొనినది. అప్పుడు గదగ తోంటదార్య మఠాధిపతులు సిద్ధలింగ మహాస్వామివారు ప్రజల పోరాటమునకు ముందు నిలిచిరి. 2017లో సంరక్షణ తిరిగి లభించినది. స్వామివారు 2018లో లింగైక్యులైరి. మరుసటి యేడు ఆ అడవి అభయారణ్యమైనది.

విరక్త పీఠమునకు గనుల వివాదమేల యను శంక తేలికైనది. జంగమము లోకహితమునకే గదా! కఠినమైన శంక వేరొకటి కలదు. గనిలో పని దొరకిన బీదవాని శ్రమ కాయకము కాదా? శ్రమ కాయకమే, సందేహము లేదు. కాని బంగారము ఒకరి పాలును, ఎండిన ఊటలు పదియూళ్ల పాలును అగునపుడు ఆ ఫలము ప్రసాదమెట్లగును? అయినను ఆ కూలివాని ప్రశ్న న్యాయమైనదే. అడవిని కాపాడుమను మఠము అతని కూటికి దారి వెదకు భారమును గూడ వహింపవలెను. ఈ రెండవ పని మొదటిదానికంటె కష్టము.

తెలుగు సీమలోని మన మఠములకును మాన్యములు, తోపులు గలవు. నేను చూచిన చిట్టాలలో కౌలు పైకము పైసలతో సహా వ్రాయబడియున్నది. చెట్ల లెక్క యెందును కానరాలేదు.