తలనీలాలు, మంగలికత్తి

జుట్టు తీయడం త్యాగమైతే, ఆ త్యాగంలో కత్తికి చోటెంత? దీనికి భారతీయ మతాలు ఒకే జవాబు ఇవ్వలేదు.

బౌద్ధ భిక్షువు దగ్గర ఉంచుకోదగిన ఎనిమిది వస్తువుల్లో చీవరాలు, భిక్షాపాత్రలతో పాటు మంగలికత్తీ ఒకటి. జుట్టు రెండు అంగుళాలు దాటి పెరగకూడదని భిక్షువుల నియమావళి అయిన వినయపిటకం చెబుతుంది; అంగుళమంటే ఇక్కడ వేలి వెడల్పు. పదునైన కత్తి దేహాన్ని బాధించదు, అందాన్నీ మిగల్చదు. మధ్యేమార్గానికి తగిన పనిముట్టు అదే. జైన సాధువులు కత్తినే వద్దంటారు. కేశలుంచనంలో వెంట్రుకలను చేత్తో పీకేస్తారు. అక్కడ నొప్పిని ఓర్చుకోవడమూ తపస్సే. 1699లో ఏర్పడిన సిక్కుల ఖాల్సా మార్గంలో కత్తి తాకని కేశాలే విశ్వాసానికి గుర్తు.

భక్తులు తలనీలాలు సమర్పించే తిరుమల కల్యాణకట్టలో సంగతి వేరు. క్షురకుడు తలను నీళ్లతో బాగా తడిపి, సగం బ్లేడును పిడిలో బిగించి, నడినెత్తి నుంచి కిందికి గీస్తాడు. తడిసిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. మొండిబారిన అంచు లాగుతుంది, చర్మం మండుతుంది. మనిషికో కొత్త బ్లేడు వాడటం ఇందుకూ, అంటురోగాలు సోకకుండా ఉండటానికీ. నొప్పి తగ్గినంత మాత్రాన మొక్కు తగ్గదు. ఇక్కడ సమర్పించేది బాధను కాదు, అందం మీది మమకారాన్ని. గుండు మీద చల్లగా చందనం పూసుకున్నాక భక్తులు దర్శనానికి కదులుతారు.