కొండల్లో సువార్త: గ్రంథం, లిపి, సోనుం

క్రైస్తవ ఇంట్లో పుట్టినంత మాత్రాన చాలదు, ఎవరికి వారు మారుమనస్సు పొందాలి. ఇవాంజెలికల్ క్రైస్తవానికి ఇదే ఆయువుపట్టు. 1675లో లూథరన్ పాస్టర్ స్పేనర్ రాసిన ‘పియా డెసిడేరియా’తో జర్మనీలో పైటిస్టు ఉద్యమం ఊపందుకుంది. 1738 తర్వాత ఇంగ్లండులో ప్రబోధకుడు జాన్ వెస్లీ ఇదే మాటను జనంలోకి తెచ్చాడు. మారాలంటే బైబిలు చదవాలి, చదవాలంటే అది ఇంట్లో మాట్లాడే భాషలో ఉండాలి. తూర్పు కనుమల్లో కథ ఈ రెండో షరతు దగ్గరే మెలిక తిరిగింది.

1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్లు బైబిలును తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. కొండెక్కితే ఆ తెలుగు చాలదు. అరకు సంతలో కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒడియా కలగలిసి వినిపిస్తాయి. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్‌లో 1876లో పుట్టిన లూథరన్ మిషన్ కోరాపుట్, సాలూరు వైపు వచ్చింది. ఆ మిషన్‌కు చెందిన షుల్జె 1911లో కువి వ్యాకరణం అచ్చు వేయించాడు. సువార్త కోసం చేసిన ఆ పని ద్రావిడ భాషాశాస్త్రానికీ అక్కరకొచ్చింది. అదే కొండల్లోని మరో ఆదివాసీ జనం సవరల భాషకు అలాంటి సేవ మతప్రచారంతో పనిలేని గిడుగు రామమూర్తి చేశాడు. మిషనరీలు సవరను రోమన్ లిపిలో రాశారు. 1936లో మంగెయి గొమాంగో ‘సొర సొంపెంగ్’ లిపిని తెచ్చి, అక్షరాలనే పూజలో కూర్చోబెట్టాడు. గ్రంథం చేతపట్టుకు వచ్చిన మతానికి ఇంతకంటే సూటి జవాబు మరొకటి లేదు.

అసలు చిక్కు మాత్రం చనిపోయినవాళ్ల దగ్గర వచ్చింది. సవరల పాత నమ్మకంలో పోయినవాడు ‘సోనుం’ అవుతాడు. పూనకంలో ఉన్న గురువమ్మ నోట పలుకుతాడు. ఇంటివాళ్లు చుట్టూ చేరి ఏడుస్తారు, నిలదీస్తారు, కల్లు పోస్తారు. జబ్బు ఎందుకొచ్చిందో ఆ మాటల్లోనే తేలుతుంది. ‘గువార్’ కర్మలో నిలువురాయి పాతి, ఎనుబోతును బలిస్తారు. 1970ల నుంచి వాళ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ, ఆ తర్వాతి తరం బాప్టిస్టులు కావడం కళ్లారా చూశాడు. 2017లో ‘లివింగ్ వితౌట్ ద డెడ్’ రాశాడు. కొత్త మతంలో పోయినవాళ్లు యేసు దగ్గరికి వెళ్లిపోతారు, ఇక మాటల్లేవు. బలుల ఖర్చు తప్పింది, చదువు వచ్చింది. పోయినవాళ్లతో తగువు తీర్చుకునే చోటు కూడా పోయింది.

ఎవరికి వారు మారాలన్న సూత్రం తెలుగు మైదానంలోనే సడలింది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండల్లో ఇంకో ఇబ్బంది ఉంది: సవర లెక్కలో మనిషంటే ఒక్కడు కాదు, బతికున్నవాళ్లతోనూ పోయినవాళ్లతోనూ కలిసిన బంధాల ముడి. స్వస్థత ప్రార్థనకు పెద్దపీట వేసే పెంతెకొస్తు సంఘాలు, సోనుంతో మాటలు ఆగిపోయి మిగిలిన ఖాళీని కొంత పూడ్చాయి. జబ్బు చేస్తే దిసారిని (మంత్రవైద్యుణ్ని) పిలిచే చోట పాస్టర్‌ను పిలిచి, రోగి తలమీద చెయ్యి వేయించుకుంటారు. ఆ ప్రార్థనలో దయ్యం పేరు వినిపిస్తుంది, తాత గొంతు వినిపించదు.