కార్యాలయమున కైంకర్యబుద్ధి

ఇంటిలో దీప మార్పక నిద్రింపని గృహస్థుడే, తాను పనిచేయు కార్యాలయమున సాయంకాలము కుర్చీనుండి లేచి, తలపై తిరుగుచున్న ఫ్యానును ఆపకయే వెడలిపోవుట మనము నిత్యము చూచుచున్నాము. అతడు దుర్మార్గుడు కాడు. ఏకాదశినాడు ఉపవసించువాడు, ఏటేట కొండకు నడచి వచ్చువాడు కావచ్చును. ఇంటి కుళాయి కారినచో ఆనాడే పనివానిని పిలుచును. కార్యాలయపు కుళాయి నెలల తరబడి కారుచున్నను చూచి తొలగిపోవును. ఒకే మనుష్యుని చేతికి ఈ రెండు ధర్మములు ఎట్లు కలిగినవి?

ఇంటి బిల్లు తాను చెల్లించును గనుక, అని లౌకికులు సమాధానము చెప్పుదురు. అది సత్యమే గాని సంపూర్ణము కాదు. ఇల్లు ‘నాది’, కార్యాలయము ‘ఎవరిదో’ అను భావన దాని వెనుక కలదు. మన పూర్వాచార్యులు ఈ ‘నాది’ అను మాటనే శంకించిరి. భగవంతుడు శేషి, జీవుడు శేషభూతుడు. ఇల్లైనను, ఆఫీసైనను, అందలి నీరు, గాలి, వెలుతురు సమస్తము ఆయన సొత్తే యని విశిష్టాద్వైత సిద్ధాంతము. దానిని నమ్మినవానికి ఇంటి దీపమునకును, ఆఫీసు దీపమునకును యజమాని ఒక్కడే. అట్లయ్యు ఆచరణలో మనము దీనిని తలక్రిందులు చేసికొంటిమి. అనుభవించునపుడు ‘నాది’ అందుము. కాపాడవలసి వచ్చినపుడు ‘నా పని కాదు’ అందుము.

తిరుమల మహాద్వారము దాటునపుడు గోడకు వ్రేలాడుచున్న గునపమును యాత్రికులు చూచియే యుందురు. అది అనంతాళ్వారు వాడిన గునపమని సంప్రదాయము. ఆ కాలమున కొండపై చలి మెండు, చుట్టును ఘోరారణ్యము. స్వామికి పుష్పకైంకర్యము చేయుటకు ఎవరు పోదురని శ్రీరామానుజులు శిష్యుల నడుగగా, లేచి నిలిచినవాడు ఆయన యొక్కడే. పూదోటకు నీరు కావలెనని ఆయన చెరువు త్రవ్వుచుండగా, గర్భవతియైన భార్య మట్టితట్టలు మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సాయపడుదు ననెను. ఆయన వలదనెను. బాలుడు చాటుగా ఆమె తట్టను అందుకొనుచుండుట చూచి, కోపించి గునపమును విసరగా అది గడ్డమునకు తగిలెను. ఆ బాలుడు స్వామియే. నేటికిని శ్రీవారి చుబుకమున పచ్చకర్పూరము అలంకరింపబడుటకు ఈ గాథయే కారణముగా చెప్పుదురు.

గునపము విసరుట మన కనుసరణీయము కాదు లెండు! ఇచట గ్రహింపవలసినది, తట్టెడు మట్టినైనను మరియొకరికి పంచి యిచ్చుటకు ఆయన మనసు ఒప్పకపోవుట. తోట తనది కాదు, పువ్వు తనది కాదు. శ్రమ మాత్రము సంపూర్ణముగా తనది. కార్యాలయమున జరుగునది దీనికి విపర్యాసము. నలుబది మంది కూర్చుండు గదిలో దీపమార్పుట నలుబది మంది పని యగును. కావుననే ఎవరి పనియు కాకపోవును.

‘ఒక్క ఫ్యాను ఆపినంత మాత్రమున లోకము బాగుపడునా?’ అని అడుగువారు కలరు. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. లెక్క చూతము. పాతరకపు ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తును గ్రహించును. సాయంకాలము 5 గంటలనుండి మరునాటి ఉదయము 10 గంటలవరకు, అనగా 17 గంటలు, నాలుగు ఫ్యానులు ఊరక తిరిగినచో 5 యూనిట్లు ఖర్చగును. మన దేశపు విద్యుత్తులో అధికభాగము ఇప్పటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది. యూనిట్టునకు అర కిలోకు మించిన బొగ్గు మండవలెను. ఎవరును లేని గదికి గాలి విసరుటకై ఒక్క రాత్రిలో రెండున్నర కిలోలకు పైగా బొగ్గు! సింగరేణివంటి గనులలో కార్మికులు చెమటోడ్చి త్రవ్వినది అది. దాని బూడిదను, పొగను విద్యుత్కేంద్రము చుట్టుపట్ల గ్రామములవారు భరించుచున్నారు. పరిశ్రమలు, ప్రభుత్వములు చేయవలసినది ఇంతకు ఎన్నియో రెట్లు కలదనుట సత్యమే. మన ఫ్యాను వారి లోపమునకు ప్రాయశ్చిత్తము కాజాలదు. అయినను వారి బాధ్యత పెద్దదగుటచేత మనది శూన్యమగునా?

ఇక అలవాటు నేర్పుట యెట్లు? స్విచ్చి ప్రక్కన ‘విద్యుత్తును పొదుపు చేయుడు’ అని అంటించిన కాగితము నెల తిరుగకయే గోడలో గోడయై పోవును. జరిమానా, అడుగువాడున్నంతవరకే పనిచేయును. కొండపైని ఒక ఆచారము చూడుడు. తిరుమలలో పుష్పములన్నియు స్వామికే యను భావముచేత స్త్రీలు జడలో పూలు తురుమరు. క్రొత్తగా వచ్చిన యాత్రికురాలు తోడివారి జడలను చూచి, తనంతట తానే తన పూలను తీసి ప్రక్కన పెట్టును. పూలు ఖరీదైనవని కాదు, అవి ఒకరివని.

కార్యాలయమున అట్టి చూపు పైనుండి దిగవలెను. శ్రేష్ఠుల నడవడినే ఇతరులు అనుసరింతురని గీతాచార్యుడు తృతీయాధ్యాయమున సెలవిచ్చినది అధికారులకే ముందుగా వర్తించును. గదిని 18 డిగ్రీలకు చల్లార్చి, శాలువ కప్పుకొని కూర్చున్న అధికారి గుమాస్తాకు పొదుపు బోధించినచో వినువాడెవడు? ఏ.సి. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచినచో సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో తెలిపియున్నది.

తేనీటి సంగతి వేరు. ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినవి. వానికి బదులు వచ్చిన కాగితపు కప్పులలో సైతము తడి ఊరకుండుటకై పలుచని ప్లాస్టిక్ పొర యుండుట సామాన్యము. కావున ఎవరి గ్లాసు వారు తెచ్చుకొనుట మేలు. కాని ఆ నలుబది గ్లాసులు కడుగు భారము అటెండరుపై పడినచో, దానిని మన సత్కార్యముగా చెప్పుకొనుట వంచన. అనంతాళ్వారు చెరువు త్రవ్వుటకు కూలివానిని పంపలేదు. ఎవరి గ్లాసును వారే కడుగుకొనవలెను, అధికారియు. దీపముల విషయమును అంతే. రాత్రి కావలివానికి అప్పగింపక, లేచినవారు తమ తలపైని ఫ్యానును ఆపి లేవవలెను; చివర వెడలువారు గది అంతయు ఒకమారు కలయజూచి తలుపు వేయవలెను. కారుచున్న కుళాయిని చూచినవారు ఆనాడే వ్రాసియిచ్చి, బాగైనదో లేదో మరునాడు మరల చూడవలెను. తరచుగా అందు చెడినది రబ్బరు వాషరు మాత్రమే. దానిని మార్చుటకు పావుగంట చాలును.