ముట్టుకోకూడని సముద్రం, మునగమన్న సముద్రం

సముద్రాన్ని సేవించాలి గానీ ముట్టుకోకూడదని ధర్మశాస్త్రం. రావిచెట్టుకూ ఇదే కట్టడి: శనివారం తప్ప తాకరాదు. సముద్రాన్నయితే పర్వదినాల్లోనే తాకాలి. అందుకే కార్తీక పౌర్ణమినాడు సూర్యలంకలోనూ మంగినపూడిలోనూ ఇసుక వేస్తే రాలనంత జనం కనిపిస్తారు. నిష్ఠ కలిగినవారు ఆ మర్నాడు అదే తీరంలో పాదం తడవకుండా నడుస్తారు. ఇంత గట్టి నియమానికి పురాణమే ఒక మినహాయింపు ఇచ్చింది. రామసేతువు దగ్గర సముద్ర స్నానానికి తిథి, వారం, నక్షత్రం చూడనక్కర్లేదు. ఎప్పుడు వెళ్తే అప్పుడే మునగవచ్చు.

ఆ మినహాయింపు పొందిన నీళ్లలో మన్నారు సింధుశాఖ ఒకటి. ధనుష్కోటి కొసన నిలబడ్డ యాత్రికులకు పురోహితులు రెండు సముద్రాలు చూపిస్తారు. ఉత్తరాన నిదానంగా ఉండేది మహోదధి, దక్షిణాన ఎగసిపడేది రత్నాకరం. ఆ రత్నాకరమే మన్నారు సింధుశాఖ. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా తీరానికి సమాంతరంగా అందులో 21 చిన్న దీవులు వరుస కట్టి ఉన్నాయి. వాటినీ, చుట్టూ ఉన్న సముద్రాన్నీ కలిపి 560 చదరపు కిలోమీటర్ల మేర 1986లో జాతీయ సముద్ర ఉద్యానవనంగా ప్రకటించారు. 1989లో 10,500 చదరపు కిలోమీటర్లు జీవావరణ రక్షిత ప్రాంతమైంది. పురాణం సడలించిన నిషేధాన్ని ప్రభుత్వం మరో రూపంలో తిరిగి తెచ్చిందన్నమాట. పురాణం మునగమన్న సముద్రంలో చట్టం అడుగు పెట్టొద్దంటోంది. భక్తుడు ఎవరి మాట వినాలి?

రామేశ్వరం ఉన్న పాంబన్ దీవి దక్షిణ అంచున ఉన్న కుందుకాల్ రేవు నుంచి కురుసడై దీవికి అటవీ శాఖ పడవ వెళ్తుంది. ప్రయాణం చిన్నదే. అంతలోనే నీటి రంగు నాలుగైదు సార్లు మారుతుంది. తెల్లని ఇసుక మీద లేత ఆకుపచ్చ, పగడపు దిబ్బ మీద గోధుమ కలిసిన పచ్చ, సముద్రపు గడ్డి పరుచుకున్న చోట ముదురు నీలం. ఆ గడ్డి మేసి బతికే సముద్రపు ఆవులు ఈ నీళ్లలో ఇంకా మిగిలి ఉన్నాయి, చాలా కొద్దిగా. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవారికి కురుసడై పేరు వేరే రకంగా గుర్తుండవచ్చు. వెన్నెముక లేని జీవులకూ ఉన్న జీవులకూ నడుమ వారధిగా పాఠాల్లో చెప్పే బెలనోగ్లాసస్ ఇక్కడి ఇసుకలో దొరుకుతుంది. వారధి అంటే ఈ తీరంలో అందరికీ గుర్తొచ్చేది వేరే అనుకోండి.

మిగతా దీవులను పడవలోంచి చూసి దాటిపోవలసిందే. మనోలి, ముసల్, ముల్లి, అప్పా, నల్లతణ్ణి... అన్నీ నేలబారు ఇసుక తిన్నెలు, పైన కాస్త పొద, కొన్నింటి చుట్టూ మడ చెట్లు. కొండలూ జలపాతాలూ ఆశించి వెళ్లినవారికి నిరాశే. ఇక్కడి అందమంతా నీటి కింద ఉంది.

సముద్రాన్ని తాకడానికి హద్దులు పెట్టడం ఈ సింధుశాఖకు కొత్త కాదు. ముత్యాల కోసం ఇక్కడ రెండు వేల ఏళ్లకు పైగా మునిగారు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం 'పెరిప్లస్' పాండ్యుల కొర్కై రేవును ప్రస్తావిస్తూ, శిక్ష పడిన ఖైదీల చేత అక్కడ ముత్యాలు తీయించేవారని రాసింది. 13వ శతాబ్దపు చివర వచ్చిన మార్కో పోలో మరో సంగతి గమనించాడు. సొరచేపల నోరు కట్టే మాంత్రికులకు రాబడిలో ఇరవయ్యో వంతు ఇచ్చేవారట. వారి మంత్రం ఆ పగటికే పనిచేస్తుంది. రాత్రి కాగానే దాన్ని వారే విప్పేస్తారు, కనుక చీకట్లో దొంగతనంగా మునిగే సాహసం ఎవరూ చేయరు. 19వ శతాబ్దంలో సింహళంలో పనిచేసిన బ్రిటిష్ అధికారి ఎమర్సన్ టెనెంట్ ఆవలి తీరంలో ఇదే ఆచారం చూశాడు. విచిత్రమేమంటే, వంశపారంపర్యంగా ఆ పని చేస్తున్న మనిషి అప్పటికి కేథలిక్. ఈ తీరంలో ముత్యాల కోసం మునిగే పరవర్లు 1530లలోనే క్రైస్తవం తీసుకున్నారు, 1542 తర్వాత ఫ్రాన్సిస్ జేవియర్ వారి మధ్య తిరిగాడు. మతం మారినా మంత్రం మారలేదు, సముద్రానికీ మనిషికీ మధ్య ఒప్పందమూ మారలేదు.

ఇలాంటివి విన్నప్పుడల్లా 'మన పెద్దలు ఆనాడే పర్యావరణాన్ని కాపాడారు' అనేవారు బయలుదేరుతారు. అది తొందరపాటు మాట. మంత్రం కట్టింది సొరచేపల నుంచి మనిషిని కాపాడటానికీ, రాజు రాబడి కోసమూ. ముత్యపు చిప్పల మీద దయతో కాదు. పర్వదినాల నియమం వెనకా సైన్సు వెతకనక్కర్లేదు. ఆ నియమాల్లో విలువైనది మరొకటి ఉంది. పవిత్రమని ఒప్పుకున్నవాడి చేతికి అవి ఒక కట్టడి పెట్టాయి. కట్టడి లేని భక్తికి ఖర్చేమీ ఉండదు.

2007లో దేశమంతా ఈ నీళ్ల గురించి వాదించుకున్నప్పుడు సరిగ్గా ఈ కట్టడి ప్రశ్నే పక్కకు పోయింది. ఓడలు శ్రీలంకను చుట్టి రానక్కర్లేకుండా 167 కిలోమీటర్ల కాలువ తవ్వే సేతుసముద్రం పథకాన్ని 2005 జూలై 2న ప్రారంభించారు. రామసేతువు దగ్గర తవ్వకాన్ని రెండేళ్లకు సుప్రీంకోర్టు ఆపింది. రాముడు కట్టాడా, ప్రకృతి కట్టిందా? భూగర్భ శాస్త్రవేత్తలనూ పురావస్తు శాఖనూ అందరూ అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. ఆ సేతువును ఆదాము దాటిన దారిగా చెప్పుకునే ముస్లింలూ ఉన్నారు. ఆదాము కొడుకులు హాబిల్, కాబిల్‌ల పేర రామేశ్వరంలోనే దర్గా ఉంది. ఎవరు కట్టినదైనా, పవిత్రమైతే దాని పక్కన బతికే మనం ఏం మానుకోవాలి? ఆ ప్రశ్న వేసినవారు తక్కువ. మత్స్యకారులూ పర్యావరణవేత్తలూ వేశారు గానీ ఆ సందడిలో వారి గొంతు వినపడలేదు.

అంతకుముందు దశాబ్దాల పాటు ఇదే సింధుశాఖలో సున్నం కోసం, కట్టడాల కోసం పగడాలను తవ్వుకుపోయారు. ఆ 21 దీవుల్లో తూత్తుకుడి దగ్గరి విలంగుచల్లి, కీళక్కరై వైపున్న పూవరసన్‌పట్టి దీవులు నీట మునిగిపోయాయి. వాన్ దీవి కోసుకుపోతుంటే చుట్టూ కృత్రిమ దిబ్బలు దించి నిలబెట్టాల్సి వచ్చింది. సేతువు కోసం ఎగసిన ఆగ్రహంలో పదోవంతైనా ఈ దీవుల పాలికి రాలేదు.

నిషేధం భారం ఎవరి మీద పడిందో కూడా చూడాలి. పాంబన్ చుట్టుపక్కల మత్స్యకార పల్లెల ఆడవాళ్లు తరతరాలుగా పడవల్లో దీవుల దగ్గరికి వెళ్లి, వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని, మునిగి సముద్రపు నాచు ఏరుకొస్తారు. అగర్ తయారీకి అది ముడిసరుకు. ఉద్యానవనం వచ్చాక వాళ్లు ఒక్కసారిగా అపరాధులయ్యారు. వాళ్లు చేసిన పని గమనించదగ్గది: నెలలో కొన్ని రోజులే వెళ్లాలనీ, నాచు తిరిగి పెరిగేందుకు ఏడాదిలో కొంతకాలం పూర్తిగా మానాలనీ తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు. ఏ పంచాంగమూ చెప్పకపోయినా, తాకే రోజులూ తాకని రోజులూ వేరుచేసుకున్నారు. పర్వదినాల నియమానికి ఈ కాలంలో ఇంతకంటే నిజమైన వారసులు లేరు. యాత్రికుడికి ఏ కట్టడీ లేకుండా, సముద్రాన్ని ఎరిగినవారికి మాత్రమే గీత గీసిన రక్షణ అన్యాయం.

కుందుకాల్ రేవు దగ్గరే వివేకానంద స్మారకం ఉంది. అమెరికా, ఐరోపా యాత్ర ముగించుకుని, కొలంబో మీదుగా వచ్చి, 1897 జనవరి 26న ఆయన ఇక్కడ దిగాడు. సేతువుకు కాపలాదారన్న బిరుదున్న రామనాథపురం రాజు భాస్కర సేతుపతి ఎదురొచ్చాడు. మర్నాడు రామేశ్వరాలయంలో వివేకానందుడు మాట్లాడింది అసలైన పూజ గురించి. శివుణ్ణి విగ్రహంలో మాత్రమే చూసేవాడి పూజ ఇంకా తొలి మెట్టు మీదే ఉందనీ, పేదలో, దుర్బలుడిలో, రోగిలో చూసేవాడిదే నిజమైన పూజనీ ఆయన భావం. నాచు ఏరే ఆ చేతులను పక్కనపెట్టి ఈ సముద్రాన్ని పూజించడం కుదరదని దానికి అర్థం చెప్పుకోవచ్చు.

కాశీ–రామేశ్వరం యాత్ర చేసే తెలుగువారు సేతువు దగ్గర ఇసుక తీసి, పూజించి, ప్రయాగ త్రివేణిలో కలుపుతారు. అక్కడి గంగను తెచ్చి రామనాథస్వామికి అభిషేకిస్తారు. ఎంత గొప్ప యాత్రకైనా ఆచారం అడిగింది పిడికెడు ఇసుకే. దానికి మించి ఈ తీరం నుంచి ఏమీ తేకండి. స్నానం చేసి విడిచిన బట్టలు రామేశ్వరాలయం ఎదుటి అగ్నితీర్థంలో వదిలేయకండి. పగడపు ముక్క అమ్మజూపితే కొనకండి: 2001 నుంచి పగడపు దిబ్బలను కట్టే జీవులకు వన్యప్రాణి చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది.