పెద్ద అక్షరములు



గత సంవత్సరము ఆదివారపు బడి పరీక్షలో పదేండ్ల పిల్లవాడొకడు ఇరువది మూడవ కీర్తన అంతయు తడబడకుండ అప్పగించెను. అందులోని రెండు వచనములు వ్రాయుమనగా నాలుగు మాటలు వ్రాసి కలము క్రింద పెట్టెను. ఆ నాలుగింటిలో మూడింటికి ఒత్తు లేదు. బహుమానము వానికి ఈయలేదు. అంతటితో ఊరకుండక, వాడు సోమరియని అందరియెదుట మేమే అంటిమి.

వాడు సోమరి కాడు. కొందరు పిల్లలకు చెవిని పడిన ధ్వనియు కంటికి కనబడు అక్షరమును సులభముగా జతపడవు. దీనిని డిస్లెక్సియా అందురు. వ్రాతయందే కష్టమున్నయెడల డిస్‌గ్రాఫియా అందురు. తెలివికిని దీనికిని సంబంధము లేదు. 2016లో మన దేశమున చేసిన వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొనగా, నేర్చుకొనుటలోని ఇట్టి ఇబ్బందియు వాటిలో నొకటి. మన లిపియు అట్టి పిల్లలకు తేలిక కాదు. ప, ష, స, వ అన్నదమ్ములవలె నుండును. గుడి పైన, కొమ్ము ప్రక్కన, ఒత్తు క్రిందను చేరును.

అయితే వానిని నోటిమాటతోనే పరీక్షించెదమనగా సంఘపెద్ద ఒకరు, "అయ్యగారూ, అందరికిని ఒకే కొలత ఉండవద్దా?" అని అడిగిరి. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. న్యాయాధిపతులు 12వ అధ్యాయములో యొర్దాను రేవులయొద్ద గిలాదువారు వచ్చినవారినందరిని ఒకే మాట పలుకుమనిరి. ష పలుకలేక స పలికినవారు చంపబడిరి. ఆ కాలమున పడినవారు 42,000 మంది. కొలత అందరికిని ఒకటే! యుద్ధమును బడితో పోల్చరాదందురేమో. నిజమే. మేమడుగునది ఒక్కటే: ఆ పరీక్షలో మనము కొలువగోరినది కీర్తన వానికి తెలియుటనా, లేక వాని చేతివ్రాతనా? కీర్తననైతే వాడు నెగ్గెను.

అట్లని తప్పును ఒప్పని చెప్పుట కనికరము కాదు, అబద్ధము. వ్రాతకు ఈయదగిన బహుమానము వానికి ఈయరాదు. వ్రాత నేర్పుట మానుటయు తగదు. అపొస్తలుడైన పౌలు రోమీయులకు పంపిన పత్రికను తెర్తియు వ్రాసిపెట్టెను (రోమా 16:22). గలతీయుల పత్రిక చివరనైతే పౌలే స్వహస్తముతో పెద్ద అక్షరములు వ్రాసెను (గలతీ 6:11). సహాయము పొందుటయు, స్వయముగా వ్రాయుటయు, రెండును ఆయనకు తగియుండెను.

కాబట్టి ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట అరగంట వానితో కూర్చుండుచున్నాము. మన పెద్దలు ఎరిగిన ఇసుక దిద్దుబాటే మా సాధనము. వారమునకు ఒక్క అక్షరము; వ్రేలితో దిద్దుచు, ధ్వనిని పైకి పలుకవలెను. తరువాత పలకమీద, ఆ తరువాతనే కాగితముమీద. మాటను ముక్కలుగా పలికించి, ముక్క ముక్కగా వ్రాయింతుము. ఎఱ్ఱ సిరాతో కొట్టివేయుట మానితిమి. ఒక్కొక్క వారము నేర్చినది మరుసటి వారమునకు మరచును. అప్పుడు మాకు కోపము వచ్చుచున్నదని ఒప్పుకొనుచున్నాము.

సోమరియన్న మాట అందరియెదుట అంటిమి గనుక, క్షమాపణయు అందరియెదుటనే అడిగితిమి. వాడు సిగ్గుపడి తల్లి చాటునకు పోయెను. గత ఆదివారము గుడి వాకిట ఇసుకలో ఎవరును చెప్పకయే తన పేరు మూరెడేసి అక్షరములతో వ్రాసెను. ఒత్తు ఒకటి తప్పిపోయినది. వచ్చు వారము దానిని దిద్దింపవలెను.